అనంతపురము మెట్టసీమ: వైద్యమున డిజిటల్ సాధనములు, కృత్రిమ మేధ

రోగి చెప్పిన మాటను, వైద్యుడు కనుగొన్న లక్షణమును, ప్రయోగశాల తేల్చిన అంకెను, కెమెరా పట్టిన పటమును కంప్యూటరు చదువగల రూపమున భద్రపరచి, ఒకచోటినుండి మరియొకచోటికి క్షణములో పంపి, రోగనిర్ణయమునకును చికిత్సకును తోడ్పడు సాధనములను వైద్యమున డిజిటల్ సాధనములందురు. అట్లు పోగైన వివరములలోని పోలికలను తానే నేర్చుకొని, క్రొత్త రోగి విషయమున అభిప్రాయము చెప్పగల యంత్రశక్తికి కృత్రిమ మేధ యని పేరు. ఈ సాధనములు మహానగరముల ఆసుపత్రులలోను, విశ్వవిద్యాలయములలోను పుట్టినవే యైనను, వీని విలువను నిగ్గుదేల్చు ఒరగల్లు మాత్రము వైద్యుడు దూరముగను, దారిద్ర్యము దగ్గరగను ఉన్న సీమలయందే లభించును.

కర్ణాటక సరిహద్దు వెంబడి పరచుకొన్న అనంతపురము మెట్టసీమ అట్టి ఒరగల్లు. పడమటి కనుమలు నైరుతి ఋతుపవనమును అడ్డగించుటచేతను, తూర్పుతీరము దూరమగుటవలన ఈశాన్య ఋతుపవనము ఇచటికి వచ్చుసరికి సన్నగిల్లుటచేతను, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే ఇచట వాన పడును. ఎర్రనేలలలో వేరుసెనగయే బ్రతుకుదెరువు. దానిని ఈ సీమవారు శెనక్కాయ అందురు. 2011 జనగణననాటికి ఉమ్మడి జిల్లా విస్తీర్ణము 19,130 చదరపు కిలోమీటర్లు, జనసంఖ్య 40,81,148, మండలములు 63. పుట్టపర్తి కేంద్రముగ శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న వేరుపడినది. ఈ వ్యాసమున మెట్టసీమ యన్నచో ఆ రెండు జిల్లాలును అని గ్రహింపవలెను.

ఈ సీమను గూర్చి పరిశోధకుడు మొదట తెలిసికొనవలసిన సంగతి యొకటి కలదు. యంత్రము తనకు వ్రాసి యిచ్చినదానినే ఎరుగును. వాన తప్పిన ఏట కదిరి ప్రాంతమునుండి మొదలుకొని ఊళ్ళకు ఊళ్ళే బెంగుళూరునకును, కేరళమునకును వలసపోవుచుండగా, రోగి చరిత్ర ఇచటి పుటలో మొదలై మరియొక రాష్ట్రమున తెగిపోవును. కావున ఇచటి వైద్యపరిశోధనలో యంత్రపు తెలివికంటె ముందుగ విచారింపవలసినవి రెండు: తెగని పద్దు, ఆ పద్దు వ్రాయు చేయి. తక్కిన విషయములన్నియు వీనివెంట వచ్చునవే.

లెక్కకు తొలి పుటలు

కరవుసీమలో వైద్యమునకు లెక్క తోడ్పడుట కంప్యూటరులతో మొదలైనది కాదు. 1876–78 నాటి ధాత కరవులో, ఈ ప్రాంతము ఇంకను బళ్ళారి జిల్లాలో భాగముగ నున్న కాలమున (అనంతపురము జిల్లా 1882లో ఏర్పడినది), కరవుపనులకు వచ్చిన మగకూలీకి దినమునకు ఒక పౌను ధాన్యమును, ఒక అణాయును చాలునని భారత ప్రభుత్వపు కరవు ప్రతినిధి సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. ఆ కూలి కష్టించు దేహమును నిలుపజాలదని మద్రాసు రాజధాని శానిటరీ కమిషనరు విలియం రాబర్ట్ కార్నిష్, సహాయ శిబిరములలోని మరణములను సాక్ష్యముగ జూపి పట్టుదలతో వాదించెను. 1877లోనే కూలి పెంచిరి. ప్రభుత్వపు నిర్ణయమును మరణముల పట్టిక ఒకటి కదలించిన ఆ ఘట్టమును ఈ సీమ ఆరోగ్యపరిశోధనకు తొలి పుటగ నేను భావింతును. తరువాత మద్రాసు రాజధానిలో 1899 నాటి జనన మరణ నమోదు శాసనముతో, ఊరిలోని పుట్టుకలు చావులు వ్రాసియుంచు పని గ్రామాధికారుల పాలబడెను. ఏ వ్యాధిచే చచ్చెనన్నచోట ఆ పుస్తకములందు విస్తారముగ కనబడు మాట "జ్వరము". వ్రాయు చేతికి వైద్యము తెలియదు, తెలిసిన వైద్యుడు ఆ ఊరికి రాడు. నూట ఇరువది ఏండ్ల తరువాతను ఈ చిక్కు పూర్తిగ విడలేదు.

తెలుగునాట వైద్యసేవలో కంప్యూటరు పద్దు పెద్దయెత్తున ప్రవేశించినది 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 అత్యవసర వాహనములతోను, 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకముతోను. రెండవదానికి అనంతపురముతో ప్రత్యేక సంబంధము కలదు. ఆ పథకము 2007 ఏప్రిల్ 1న తొలివిడతగ మూడు జిల్లాలలో మాత్రమే మొదలైనది. అవి అనంతపురము, మహబూబ్‌నగరము, శ్రీకాకుళము. తెల్ల రేషన్ కార్డు గల కుటుంబమునకు ఏడాదికి లక్షన్నర రూపాయల వరకును, అవసరమైనచో మరి యేబదివేల వరకును పెద్దజబ్బుల చికిత్సకు ప్రభుత్వమే భరించునట్లు ఏర్పాటు చేసిరి. శస్త్రచికిత్సకు ముందే రోగి వివరములను, స్కాను పటములను, పరీక్షల ఫలితములను ఆసుపత్రివారు ఆన్‌లైనులో ఆరోగ్యశ్రీ ట్రస్టునకు పంపి అనుమతి పొందవలెను. అనగా రోగి మంచముమీద ఉండగనే అతని జబ్బు ఒక కంప్యూటరు పద్దుగ మారును. ఆసుపత్రి గుమ్మమున ఆరోగ్యమిత్ర అను పథకపు సహాయకుడు కూర్చుండి కార్డు చూచి పేరు వ్రాసికొను దృశ్యము ఈ సీమ ప్రజలకు అలవాటైపోయినది.

ఇట్లు పోగైన లక్షలకొలది క్లెయిములు పరిశోధకులకు అపూర్వమైన గని. ఏ శస్త్రచికిత్స ఎవరికి ఏ జిల్లాలో ఎన్నిమార్లు జరిగినదో, ఇంటి ఖర్చు తగ్గినదో లేదో, పల్లెలవారికిని పట్టణములవారికిని భేదమేమో విచారించిన అధ్యయనములు పలుమారు వెలువడినవి. కాని ఈ గనిలో దొరకు లోహము ఎట్టిదో మరువరాదు. పథకము డబ్బు చెల్లించిన జబ్బులు మాత్రమే ఇందు కలవు. గుండెకు స్టెంటు వేసిన మనిషి కనబడును. అంతకుముందు పదియేండ్లు బీపీ మాత్ర కొనలేక మానుకొన్న మనిషి కనబడడు. అమెరికాలో 2019లో జియాద్ ఒబర్‌మెయర్, సహపరిశోధకులు ప్రకటించిన అధ్యయనమును ఇచట తలచుకొనవలెను. అదనపు సేవ ఎవరికి కావలెనో నిర్ణయించుటకు అచట విరివిగ వాడుచున్న ఒక అల్గారిథమ్, రోగము తీవ్రతకు బదులు రోగిపై అయిన ఖర్చును కొలబద్దగ పట్టుకొన్నది. నల్లజాతివారిపై తక్కువ ఖర్చు చేయుట అచటి అలవాటు గనుక, వారు తక్కువ జబ్బుతో ఉన్నట్లు యంత్రము ఎంచినది. ఆ దోషమును సవరించినచో అదనపు సేవ పొందువారిలో నల్లజాతివారి పాలు 17.7 శాతమునుండి 46.5 శాతమునకు పెరుగునని వారు లెక్కగట్టిరి. క్లెయిముల పద్దులమీద మాత్రమే పెంచిన యంత్రము మెట్టసీమ కూలివానిని కూడ అట్లే ఆరోగ్యవంతునిగ ఎంచు ప్రమాదము కలదు. ఖర్చు పెట్టలేనివాడు పద్దులో ఎన్నడును జబ్బుపడడు.

బత్తలపల్లి పద్దు

విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురమున నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ, ప్రజల నోట ఆర్‌డీటీ, 2000లో ధర్మవరమునకు చేరువనున్న బత్తలపల్లిలో పెద్ద ఆసుపత్రిని తెరచెను. ఫెర్రర్ 2009 జూన్ 19న అనంతపురముననే మరణించెను. ఆయన పేర ఈ ఆసుపత్రిలో నడచిన హెచ్‌ఐవీ రోగుల దీర్ఘకాల అధ్యయనము, మెట్టసీమలో పుట్టి ప్రపంచ వైద్యపత్రికలకెక్కిన డిజిటల్ పరిశోధనలలో నా యెరుకలో అన్నింటికంటె గట్టిది. అందు వాడిన సాధనము అబ్బురపడదగినదేమియు కాదు. రోగుల వివరములు వరుసతప్పక ఎక్కించిన ఒక డేటాబేసు. ఆసుపత్రికి వచ్చిన ప్రతి హెచ్‌ఐవీ రోగిని అందు చేర్చిరి. 2009 నుండి వివరములను ఎప్పటికప్పుడే నమోదు చేసి, అంతకుముందు వచ్చినవారివి పాత కాగితములనుండి వెనుకకు పోయి ఎక్కించిరి. గెరార్డో అల్వారెజ్ ఉరియా మొదలైన వైద్యులు ఈ పద్దు ఆధారముగ వ్రాసిన వ్యాసములు 2012 నుండి వరుసగ వెలువడినవి.

వారు అడిగిన ప్రశ్నలే ఈ సీమకు తగినవి. రోగనిరోధకశక్తి పూర్తిగ సన్నగిల్లిన తరువాత ఆలస్యముగ ఆసుపత్రికి వచ్చువారెవరు? రోగము తెలిసిన తరువాతను మందు మొదలుపెట్టకయే జారిపోవువారెందరు? మొదలిడినవారిలో కొన్నియేండ్లకు మిగిలినవారెందరు? చదువు, కులము, వయస్సు, క్షయ ఉన్నదీ లేనిదీ, ఇవన్నియు ఆ పద్దులో చేరుటచేత, మందు పనిచేయుట యన్నది మాత్ర గుణముమీదనే ఆధారపడదని, రోగి తిరిగి తిరిగి వచ్చుటమీద ఆధారపడునని అంకెలలో చూపగలిగిరి. వైద్యులు ఈ దశలను మెట్లుగ చెప్పుదురు. ఒక్కొక్క మెట్టువద్ద కొందరు రాలిపోవుదురు. వలసపోవు జనమున్న చోట ఏ మెట్టువద్ద ఎందరు రాలిరో తెలియుటయే సగము చికిత్స. కృత్రిమ మేధ అన్న మాట ఆ వ్యాసములలో లేకపోయినను, రేపు ఈ సీమలో ఏ యంత్రము నేర్చుకొనవలెనన్నను దానికి కావలసిన పుస్తకము ఇట్టిదే.

దూరవైద్యము

దూరవైద్యమును గూర్చి క్లుప్తముగ చెప్పిన చాలును. రాయలసీమలోనే, చిత్తూరు జిల్లా అరగొండలో, అపోలో ఆసుపత్రుల స్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామమున, ఉపగ్రహ సంబంధముతో నడచు గ్రామీణ దూరవైద్య కేంద్రమును 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదునుండి లాంఛనముగ ప్రారంభించెను. మరుసటి సంవత్సరము ఇస్రో దూరవైద్య ప్రయోగములు మొదలిడెను. ఆ దినములలో ఉపగ్రహపు పళ్ళెము, ప్రత్యేక గది, సాంకేతిక సిబ్బంది, అన్నియు కావలసియుండెను. నేడు ఆ పని చేతిఫోను చేయుచున్నది. 2019 నవంబరులో ఈ-సంజీవని సేవను దేశమున మొట్టమొదట అమలుపరచినది ఆంధ్రప్రదేశమే. గ్రామ ఆరోగ్యకేంద్రములోని ఉద్యోగిని తెరమీద వైద్యుని పిలుచును, వైద్యుడు చూచి మందు వ్రాయును. మరుసటి ఏట మార్చి 25న, కోవిడ్ లాక్‌డౌను నడుమ, దేశమునకంతకును దూరవైద్యపు నియమావళి వెలువడెను. తెరమీద పొట్ట తడుమలేము, గుండెచప్పుడు వినలేము అను ఆక్షేపణ న్యాయమైనదే. అయినను సుగరు మాత్ర మార్చవలసిన వృద్ధుడు బస్సుచార్జీకి ఒకనాటి కూలి పోగొట్టుకొనక ఊరిలోనే ఆ పని ముగించుకొనుట చిన్న మేలు కాదు.

యంత్రము నేర్చుకొను తీరు

డెబ్బదుల దశకమున స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ నిర్మించిన మైసిన్ అను వ్యవస్థ, "ఇట్లున్నచో అట్లు" అను వందలకొలది సూత్రములతో రక్తములోని సూక్ష్మజీవుల వ్యాధులకు మందు సూచించెడిది. పరీక్షలో అది నిపుణులకు దీటుగ నిలిచినను ఆసుపత్రి వాడుకలోనికి రాలేదు. నేటి యంత్రములకు ఎవరును సూత్రములు చెప్పరు. వాని చదువు శెనక్కాయ ఒలుచు పిల్లవాని చదువు వంటిది. అవ్వ ప్రక్కన కూర్చుండిన పిల్లవాడు కాయ ఒలిచి చూపును. గుల్ల లోపలివైపు నల్లబడియున్నచో "ముదిరింది" అని, తెల్లగనున్నచో "లేతది" అని ఆమె చెప్పును. ఏ నియమమును ఆమె వివరింపదు. వంద కాయలకు పిల్లవాడు తప్పులు చేయును. వేయి కాయలకు తడబాటు తగ్గును. తరువాత అవ్వను అడుగడు. యంత్రమునకును పటమును చూపి పేరు చెప్పుదురు; తప్పు చెప్పినప్పుడెల్ల లోపలి తూకములను అది కొంచెము కొంచెము సవరించుకొనును. లక్షలమారు ఇట్లు జరిగిన పిదప క్రొత్త పటమునకు తానే పేరు చెప్పును.

పోలిక ఇంకను కొంతదూరము నడచును. ఎర్రనేల కాయలు మాత్రమే చూచి పెరిగిన పిల్లవానిని నల్లరేగడి చేనికి తీసికొనిపోయినచో, మట్టి పట్టి మసకబారిన గుల్లను చూచి కాయ చెడినదని భ్రమపడవచ్చును. వైద్యయంత్రములకు తరచుగ కలుగు పొరపాటు సరిగ ఇదియే. ఒక నేలలో నేర్చినది వేరొక నేలలో పరీక్షింపక నమ్మరాదు. అమెరికాలో సెప్సిస్ అను ప్రాణాంతక స్థితిని ముందుగ పసిగట్టునని వందల ఆసుపత్రులలో పెట్టిన ఒక యంత్రవ్యవస్థను మిషిగన్ విశ్వవిద్యాలయమువారు తమ రోగులపై విడిగ పరీక్షించి, 2021లో ఫలితము ప్రకటించిరి: మూడింట రెండువంతుల సెప్సిస్ రోగులను అది గుర్తింపలేకపోయినది. సంపన్నదేశపు ఆసుపత్రిలోనే ఇట్లు జరిగినప్పుడు మెట్టసీమ మాట వేరే చెప్పనేల?

కంటి పటము

కృత్రిమ మేధ మనదేశపు రోగులతోడ గట్టిగ ముడివడినది కంటివైద్యమున. సుగరు జబ్బు ఏండ్లతరబడి అదుపు తప్పినచో కంటి లోపలి రెటీనాపై సన్నని రక్తనాళములు ఉబ్బి చిట్లును. చూపు తగ్గువరకు రోగికి తెలియదు. 2016లో గూగుల్ పరిశోధకులు, అమెరికాలోని ఒక సంస్థతోపాటు మదురై అరవింద, చెన్నై శంకర నేత్రాలయ, బెంగుళూరు నారాయణ నేత్రాలయ వంటి ఆసుపత్రులనుండి పొందిన 1,28,175 రెటీనా పటములతో యంత్రమునకు చదువు చెప్పిరి. ఆ పటములకు గుర్తులు పెట్టినవారు 54 మంది కంటివైద్యులు. ఒక్కొక్క పటమును మువ్వురునుండి ఏడుగురు చూచిరి. యంత్రము నిపుణులతో సమానముగ నిలిచినది. 2018 ఏప్రిలులో వైద్యుని ప్రమేయము లేకయే అభిప్రాయము చెప్పగల తొలి కంటి యంత్రమునకు అమెరికా ప్రభుత్వము అనుమతి ఇచ్చెను. తెలుగునాట హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ తన రోగుల పద్దులను కంప్యూటరులోనికి మార్చుకొని, పల్లెల దృష్టికేంద్రములను వానితో కలిపి, అట్టి పద్దులపై 2016 చివర మైక్రోసాఫ్టుతో చేరి పరిశోధన సాగించుట ఈ రంగమున మనవారి సొంత కృషి.

ఇక ఆ పటము తీయుట ఎట్లుండునో దగ్గరగ చూచిన గాని మెట్టసీమ సమస్య బోధపడదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఒక గది కిటికీలకు దుప్పటి కట్టి చీకటి చేయుదురు. మధ్యాహ్నపు టెండలో చేను దాటి వచ్చిన రైతు కంటిపాప ఆవగింజంత ముడుచుకొనియుండును. అది విప్పారుటకు కొన్ని నిమిషములు చీకటిలో కూర్చుండవలెను. పిమ్మట గడ్డమును కెమెరా పీటపై ఆనించి, నుదురు పట్టీకి తాకించి, "ఆ చుక్కనే చూడు పెద్దాయనా, రెప్ప వేయొద్దు" అందురు. మెరుపు మెరసినంతనే రెప్ప పడును. మరల తీయుదురు. రెండవ పటములో సగము చీకటి. మూడవది తెల్లని పొగమంచువలె వచ్చును. తెరమీద అక్షరములు తేలును: ఈ పటము పరీక్షకు పనికిరాదు.

థాయిలాండులో గూగుల్ యంత్రమునే 11 చికిత్సాలయములలో వాడి చూచినప్పుడు, తొలి ఆరునెలలలో 1,838 పటములలో 21 శాతము ఇట్లే త్రోసివేయబడినవని 2020లో వెలువడిన అధ్యయనము చెప్పినది. వెలుతురు తగినంత లేని గదులు, మందకొడి ఇంటర్నెట్టు, దూరపు ఆసుపత్రికి మరల రమ్మన్నచో పోలేని రోగులు, ఈ కారణములన్నియు మనకు పరిచితములే. మెట్టసీమలో వీనికి మరియొకటి చేరును. ఆ పొగమంచు చాలసార్లు కెమెరా లోపము కాదు, కంటిలోని శుక్లము. 1996–2000 నడుమ జరిగిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధి అధ్యయనము హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగరము ప్రాంతములలో 10,293 మందిని పరీక్షించి, అంధత్వము 1.84 శాతమని, అందు సగమునకు మించి శుక్లములవలనను, అద్దములు లేని చూపుదోషమువలనను కలిగినదేనని నిరూపించినది. అనంతపురము అందు లేకపోయినను, వానకరవులోను వలసలోను దీనికి తోబుట్టువైన మహబూబ్‌నగరము కలదు. కావున సుగరు గుర్తులు వెదకు యంత్రము "పనికిరాదు" అని పారవేసిన పటములోనే ఆ రైతు అసలు జబ్బు ఉన్నది. అది పావుగంట శస్త్రచికిత్సతో నయమగునది. ఈ సీమలో ఏ కంటియంత్రమును పరీక్షించినను, త్రోసివేసిన పటముల రోగులను విడిగ లెక్కించి, వారిని తిరిగి పిలిచి, ఏమి కనుగొన్నారో ప్రకటింపవలెనని నా దృఢాభిప్రాయము. యంత్రమునకు మార్కులు వేయునప్పుడు ఆ పటములను లెక్కనుండి తీసివేయుట రోగిని తీసివేయుటయే యగును.

ఊపిరితిత్తులు, ఎముకలు, చర్మము

క్షయను గుర్తించుటకు ఎదురొమ్ము ఎక్స్‌రేను చదువు యంత్రములను, 15 ఏండ్లు దాటినవారి విషయమున వైద్యునికి బదులుగ వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సిఫారసు చేసినది. అయితే యంత్రము ఇచ్చు మార్కు ఎంత దాటినచో కళ్ళె పరీక్షకు పంపవలెనో ప్రతి ప్రాంతమును తన జనముపై పరీక్షించి నిర్ణయించుకొనవలెననియు చెప్పినది. ఈ రెండవ మాట మెట్టసీమకు ప్రాణము. తాడిపత్రి చుట్టుప్రక్కల బండలు కోసి నునుపుచేయు పరిశ్రమలు విస్తారము. రాతిదుమ్ము పీల్చినవారి ఊపిరితిత్తులలో కలుగు మచ్చలు క్షయ మచ్చలను పోలియుండును. పైగా అట్టివారికి క్షయ సోకుట కూడ ఎక్కువ. రెంటిని విడదీయుటలో అనుభవజ్ఞుడైన వైద్యుడే తడబడును. ఫ్లోరైడు నీటి ఊళ్ళలో మరియొక చిక్కు. ఏండ్లకొలది ఆ నీరు త్రాగినవారి వెన్నెముక, ప్రక్కటెముకలు గట్టిపడి ఎక్స్‌రేలో మితిమీరిన తెలుపుగ కనబడును. తొంబదుల నడుమ సత్యసాయి తాగునీటి పథకము ఈ జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామములకు నీరు తెచ్చిన పిదప పిల్లల కష్టము తగ్గినను, పెద్దల ఎముకలలో పాత నీరు నిలిచియే యున్నది. ఫ్లోరైడు ఎముకలను ఎన్నడును చూడని యంత్రము ఇట్టి పటమునకు ఏ పేరు పెట్టునో పరీక్షించిన పిదపనే చెప్పవలెను.

పనిముట్టు ఎవరి దేహముపై సరిచూడబడినదను ప్రశ్న యంత్రమేధకు పరిమితమైనది కాదు. వ్రేలికి తగిలించి రక్తములోని ప్రాణవాయువును కొలుచు చిన్న సాధనము, నల్లని చర్మముగలవారిలో ప్రమాదకరమైన లోటును తెల్లవారికంటె మూడింతలు తరచుగ పసిగట్టలేకపోవుచున్నదని 2020లో అమెరికా వైద్యులు చూపిరి. ఎండలో కమిలిన చేతులు గల సీమకు ఇది పరాయి విషయము కాదు. ఇట్టి లోటును మనవారే పూరించిన ఉదాహరణ యొకటి కలదు. విదేశీయుల మెదళ్ళ కొలతలను ఆధారముగ గొని స్కానులను చదువుట సరికాదని, హైదరాబాదు ఐఐఐటీలో జయంతి శివస్వామి బృందము, ఆరోగ్యవంతులైన 100 మంది భారతీయ యువతీయువకుల మెదడు స్కానులతో ఒక ప్రమాణపటమును 2019లో రూపొందించినది.

చేతిలోని ట్యాబు

ఇంతవరకు చెప్పిన యంత్రములన్నియు రోగి తమ దగ్గరకు వచ్చునని ఎదురుచూచునవి. ఇంటింటికి పోవునవి ఆశా కార్యకర్త కాళ్ళు, ఏఎన్ఎం చేతిలోని ట్యాబు. జార్జి ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పశ్చిమగోదావరి జిల్లాలో 18 ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల క్రింది 54 గ్రామములలో, ఆశా కార్యకర్తలకు ట్యాబు ఇచ్చి, బీపీ మొదలైన వివరములు ఎక్కింపగనే గుండెజబ్బు ముప్పు ఎంతో అది చెప్పునట్లు, వైద్యునికి ఏ మందు ఇయ్యవలెనో సూచించునట్లు ఏర్పరచి పెద్ద ప్రయోగము సాగించిరి. 2019లో ప్రకటించిన ఫలితమును వారు దాచలేదు: ముప్పుగలవారిని కార్యకర్తలు చక్కగ గుర్తించి పంపగలిగినను, రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి నిష్పత్తిలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. నాకు ఈ రంగమున అత్యంత గౌరవపాత్రముగ తోచిన అధ్యయనము ఇది. ముప్పు చెప్పుట ట్యాబు పని. నెలనెల మాత్ర అందించుట, వైద్యుడు తన కుర్చీలో ఉండుట ట్యాబు పని కాదు. నీరు, రోడ్లు, వైద్యులు మెరుగుగనున్న గోదావరి డెల్టాలోనే ఫలితము ఇట్లున్నప్పుడు, మెట్టసీమలో యంత్రముతోపాటు మందుల సరఫరాను కూడ ప్రయోగములో భాగముగ చేర్చవలెను.

ట్యాబు వచ్చినంతనే రిజిస్టరు పోలేదు. గర్భిణులు, టీకాలు, సుగరు, బీపీ, కంటిచూపు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క యాప్. సర్వరు నిలిచిపోయిన దినమున కాగితముపై వ్రాసికొని రాత్రి ఇంటివద్ద ఎక్కించుట. 2021 సెప్టెంబరు 27న దేశమంతట ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రతి మనిషికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య నిచ్చి, ఏ ఊరి ఆసుపత్రిలోనైనను పాత చరిత్ర కనబడునట్లు చేయుట లక్ష్యముగ పెట్టుకొన్నది. వలసపోవు జనమునకు ఇంతకంటె అవసరమైన ఏర్పాటు వేరొకటి లేదు. కాని ఆ సంఖ్య పుట్టుటకు ఫోనునకు వచ్చు ఓటీపీ చెప్పవలెను. ఊరి ఆరోగ్యకేంద్రపు అరుగుమీద ఏఎన్ఎం, "అవ్వా, నంబరు వచ్చిందా?" అని అడుగును. "మావాడు బెంగుళూరులో ఉండాడు తల్లీ, ఫోను వాని కాడ ఉంది" అని అవ్వ చెప్పును. అచట కట్టడపు పనిలో ఇటుకలు మోయుచున్న కొడుకు సాయంత్రము వరకు ఫోను ఎత్తడు. ఓటీపీ గడువు నిమిషములలో తీరును. వ్రేలిముద్ర పెట్టింతమన్నచో, అరువది ఏండ్లు కలుపు తీసిన వ్రేళ్ళమీద గీతలు అరిగిపోయియుండును.

భాష మరియొక గడప. ప్రభుత్వము 2022లో ఆరంభించిన భాషిణి వంటి ప్రయత్నములవలన తెలుగు మాటను విని వ్రాయు యంత్రములు వచ్చుచున్నవి. అవి ఆసుపత్రిలో పనిచేయవలెనన్నచో పత్రికలలోని తెలుగు తెలిసిన చాలదు. గుండెనొప్పి వచ్చిన రైతు చాలసార్లు "గ్యాసు పట్టింది" అనును. ఆ మాటను కడుపునకు చెందినదిగ వ్రాసికొన్న యంత్రము ప్రాణము తీయును. అరికాళ్ళ మంటలు, కండ్లు బైర్లు కమ్ముట, ఒళ్ళు జిల్లుమనుట, వీనిలో ప్రతిదానికి వైద్యశాస్త్రమున రెండుమూడు అర్థములు కలవు. మడకశిర, రాయదుర్గము ప్రాంతములలో ఒకే వాక్యము కన్నడమున మొదలై తెలుగున ముగియును. ఈ సీమ మాటలను, ఈ సీమ వృద్ధుల గొంతులో, వైద్యుడు నిర్ణయించిన అర్థముతోసహా పోగుచేయుట ఒక విశ్వవిద్యాలయము చేపట్టదగిన పని.

ఇవన్నియు పోగుచేయునప్పుడు రోగి సమ్మతి మాట వచ్చును. భారత వైద్యపరిశోధన మండలి 2023లో ప్రకటించిన కృత్రిమ మేధ నైతిక సూత్రములును, అదే ఏట ఆగస్టులో ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును, వివరము ఎందుకు తీసికొనుచున్నారో మనిషికి అర్థమగు భాషలో చెప్పి అంగీకారము పొందవలెనని విధించుచున్నవి. బత్తలపల్లి వంటి ఆసుపత్రికి ఊరెరుగక వచ్చు హెచ్‌ఐవీ రోగికి ఈ నియమము కాగితపు లాంఛనము కాదు. ఆమె పేరు ఒక్కమారు బయటపడినచో ఊరిలో ఆమె బ్రతుకు మారిపోవును.

ఏఎన్ఎం సంచిలో ట్యాబుతోపాటు చుట్టలు చుట్టుకొన్న అట్టల నోటుపుస్తకము కూడ ఉండును. ట్యాబులో ఒక రోగి పేరెదుట "వలస" అని గుర్తు పడును; ఆ మనిషి అంతటితో జాబితానుండి జారిపోవును. నోటుపుస్తకములో అదే పేరు ప్రక్కన పెన్సిలుతో ఇట్లు వ్రాసియుండును: "బెంగుళూరు. రెండు నెలల మాత్రలు ఇచ్చినా. ఉగాదికి వస్తాడు."